నాలుగో వైపు

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్ ఒకటుంది. దారికి అడ్డం పడినవాటిని తీయించడం, కూలేలా ఉన్న గోడని పడగొట్టించడం, ప్రమాదకరమైన జంతువుని కట్టడి చేయించడం, ఇట్లాంటి పనులకి మేజిస్ట్రేటుకి అధికారం ఇచ్చే సెక్షన్. ఆ జాబితాలోనే ఇంకో మాట కూడా ఉంది. దారి పక్కనో, జనం తిరిగే చోటు పక్కనో చెరువు గానీ బావి గానీ తవ్విన గొయ్యి గానీ ఉంటే, జనానికి ప్రమాదం లేకుండా దానికి కంచె వేయమని ఆదేశించవచ్చు. 1973లో కొత్త కోడ్ వచ్చింది, సెక్షన్ నంబరు మాత్రం మారలేదు. 2024 జులై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక అది 152 అయింది. విషయం దాదాపు అదే.

చట్టాల పుస్తకాలు తిరగేసే అలవాటు నాకు లేదు. కోడ్ అంటే నాకు తెలిసింది వేరే కోడ్. ఈ సెక్షన్ దాకా రావడానికి కారణం నాతో ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు బ్రిస్బేన్‌లో ఉంటున్న మిత్రుడు. ఇల్లు అమ్ముదామని పెరట్లో ఉన్న స్విమ్మింగ్ పూల్‌కి తనిఖీ చేయిస్తే ఫెయిలైంది. ఇన్‌స్పెక్టరు ఇచ్చిన కాగితాన్ని ఫొటో తీసి వాట్సప్‌లో పంపాడు. "ఒరేయ్, పూలతొట్టి కూడా తప్పేనంటరా ఇక్కడ" అని కింద ఒక మెసేజి. కాగితంలో ఉన్నవి రెండే. కంచెకి ఆనుకుని బయటివైపు పూలతొట్టి ఉంది, చిన్నపిల్లలు దాని మీద ఎక్కి కంచె దాటగలరు, తీసేయండి. గేటు సగం తెరిచి వదిలేస్తే దానంతటది మూసుకోవడం లేదు, సరిచేయండి.

నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆ రూల్స్ ఎక్కణ్ణించి వచ్చాయో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. బ్రిస్బేన్‌లో మొదలై చివరికి మా నాయుడుపేట బావుల దగ్గర తేలాను. చదివిన దాంట్లోంచి నాకు అర్థమైంది ఒకటే. నీళ్ళ చుట్టూ కంచె వేసిన ప్రతి కాలంలోనూ మనుషులు ముందు బయటివాళ్ళని దృష్టిలో పెట్టుకుని వేశారు. లోపల ఉన్న పిల్లలు ఆఖర్న గుర్తొచ్చారు. కొన్ని చోట్ల ఇంకా గుర్తు రాలేదు.

మూసుకోవడమే గేటు పని

క్వీన్స్‌ల్యాండ్ రూల్స్‌లో కొలతలన్నీ ఒక పిల్ల శరీరాన్ని ఎదురుగా పెట్టుకుని రాసినట్టు ఉంటాయి. కంచె ఎత్తు కనీసం 1200 మిల్లీమీటర్లు, అంటే సుమారు నాలుగడుగులు. కింద సందు 100 మిల్లీమీటర్లు దాటకూడదు, ఎందుకంటే అంతకన్నా ఎక్కువుంటే పసిపిల్ల దూరిపోతుంది. కంచెకి 900 మిల్లీమీటర్ల లోపు ఎక్కడానికి పనికొచ్చే వస్తువేదీ ఉండకూడదు. కుర్చీ, చెట్టుకొమ్మ, పూలతొట్టి, ఏదీ. గేటు నీళ్ళవైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి. ఏ స్థితిలో వదిలినా దానంతటదే మూసుకుని గడియ పడాలి.

ఈ ఆఖరి రూలు దగ్గర కాసేపు ఆగాను. మా వృత్తిలో దీన్ని డిఫాల్ట్ అంటాం. మనిషి మర్చిపోతాడు, అలసిపోతాడు, ఫోన్ మోగితే లోపలికి పరిగెత్తుతాడు. అతని జ్ఞాపకశక్తి మీద ఆధారపడని వ్యవస్థే గట్టి వ్యవస్థ. రెండేళ్ళ పిల్ల నీళ్ళలో పడితే పెద్దగా చప్పుడేమీ రాదు. సినిమాల్లో చూపించినట్టు చేతులు కొట్టుకుని అరవడం ఉండదు. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. "మేం చూసుకుంటాంలే" అనే మాట మీద ఆ రెండు నిమిషాలు నిలబడవు. గేటు నిలబడుతుంది.

ఆస్ట్రేలియావాళ్ళేమీ పుట్టుకతో ఇంత జాగ్రత్తపరులు కారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మధ్యతరగతి పెరళ్ళలోకి పూల్స్ వచ్చాయి, వాటి వెనకే పిల్లల చావులూ వచ్చాయి. 1970లలో బ్రిస్బేన్‌లో జాన్ పెర్న్ అనే పిల్లల డాక్టరు, జేమ్స్ నిక్సన్ అనే పరిశోధకుడు మునిగిపోయిన పిల్లల వివరాలు ఒక్కొక్కటిగా పోగేయడం మొదలుపెట్టారు. ఎక్కడ పడ్డారు, ఎవరి ఇల్లు, కంచె ఉందా, గేటు ఎట్లా ఉంది. క్వీన్స్‌ల్యాండ్‌లోనే మల్‌గ్రేవ్ షైర్ అనే చోట కంచె తప్పనిసరి చేసిన రూలు ఉండేది. అక్కడి పదేళ్ళ అనుభవం మీద పెర్న్, ఇంకో ఇద్దరు కలిసి 1980లో ఒక పేపరు రాశారు. కంచె వేస్తే ప్రాణాలు నిలుస్తాయా అన్నదే దాని శీర్షిక. నిలుస్తాయని జవాబు.

అయినా చట్టం రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. వచ్చాక గొడవంతా ఒకే చోట జరిగింది.

మూడు వైపులా, నాలుగు వైపులా

ఇంటి వెనక పూల్ ఉందనుకుందాం. కంచె రెండు రకాలుగా వేయొచ్చు. ఒకటి, స్థలం చుట్టూ మూడు వైపులా వేసి నాలుగో వైపు ఇంటి గోడనే కంచె అనుకోవడం. రెండోది, నాలుగు వైపులా పూల్ చుట్టూనే వేసి ఇంటికీ నీళ్ళకీ మధ్య కూడా ఒక గేటు పెట్టడం.

మొదటిది చవక, చూడ్డానికీ బాగుంటుంది. వంటింటి కిటికీలోంచి నీలం నీళ్ళు కనపడతాయి, తలుపు తీస్తే నేరుగా నీళ్ళలోకి దిగొచ్చు. పక్కింటి పిల్లలు రాలేరు, వీధిలో పిల్లలు రాలేరు. ఒక్క ఇంట్లో పిల్ల మాత్రం రాగలదు. అయిదేళ్ళ లోపు పిల్లలు ఎక్కువగా మునిగేది సొంత ఇంటి పూల్‌లోనే, వెళ్ళేది ఇంటి వెనక తలుపులోంచే. అంటే మూడు వైపుల కంచె ఎవరికి ప్రమాదం తక్కువో వాళ్ళని ఆపుతుంది, ఎవరికి ఎక్కువో వాళ్ళకి దారి వదులుతుంది. ఈ రెండు రకాల్నీ పోల్చిన అధ్యయనాలని థాంప్సన్, రివారా అనే ఇద్దరు 1998లో ఒకచోట చేర్చి చూశారు. మూడు వైపుల కంచెతో పోలిస్తే నాలుగు వైపుల కంచె ఉన్నచోట మునిగే అవకాశం దాదాపు ఆరో వంతు.

న్యూ సౌత్ వేల్స్‌లో 1990లో చట్టం చేసినప్పుడు పాత పూల్స్‌కి కూడా నాలుగో వైపు కంచె వేయాలన్నారు. యజమానులు ఒప్పుకోలేదు. నా ఇంట్లో నా పెరట్లో ప్రభుత్వం ఏంటి, నా పిల్లల్ని నేను చూసుకోలేనా అన్నది వాదన. 1992లో చట్టాన్ని మార్చి, 1990 ఆగస్టు 1కి ముందు కట్టిన పూల్స్‌కి మినహాయింపు ఇచ్చారు. ఇంటి తలుపులు పిల్లలకి అందకుండా ఉంటే చాలన్నారు. క్వీన్స్‌ల్యాండ్ ఇంకో దారిలో పోయింది. అక్కడ 1991లో మొదలైన రూల్స్ ఏళ్ళు గడిచేకొద్దీ రకరకాలుగా పెరిగి, 2010 నాటికి పదకొండు వేర్వేరు ప్రమాణాలు తయారయ్యాయి. వాటన్నిటినీ తీసేసి ఒకే ప్రమాణం పెట్టి, 2015 నవంబరు 30 లోపు కొత్తా పాతా అన్ని పూల్స్ దానికి సరిపోవాలన్నారు.

దీన్ని అమలు చేసిన తీరులో మనం గమనించాల్సిన తెలివి ఒకటుంది. ప్రతి పెరట్లోకి పోలీసుని పంపడం ఏ ప్రభుత్వానికీ కుదరదు. అందుకని ప్రతి పూల్‌నీ ఒక రిజిస్టర్‌లోకి ఎక్కించి, తనిఖీని ఇల్లు అమ్మడానికీ అద్దెకివ్వడానికీ ముడిపెట్టారు. లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టరు వచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక్క ఇంటి పూల్ అయితే అది రెండేళ్ళు చెల్లుతుంది, అపార్ట్‌మెంట్‌లాగా పదిమంది వాడేదైతే ఏడాదే. లోపం ఉంటే రాసిస్తారు, సరిచేసుకోకపోతే విషయం కౌన్సిల్‌కి చేరుతుంది. నా మిత్రుడి పూలతొట్టి కథ అదీ. ఇల్లు అమ్మే తొందరలో ఉన్న మనిషి స్ప్రింగ్ తొందరగానే మారుస్తాడు.

అమెరికా కూడా ఇదే నడక నడిచింది, కాకపోతే కోర్టుల మీదుగా. 1869లో ఒక రైల్వే కంపెనీ స్థలంలో ఇంజన్లు తిప్పే టర్న్‌టేబుల్ దగ్గర ఆడుకుంటూ ఓ పిల్లాడు గాయపడ్డాడు. అనుమతి లేకుండా వచ్చిన పిల్లాడే అయినా కంపెనీకి బాధ్యత ఉందని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లల్ని ఆకర్షించే ప్రమాదాన్ని స్థలంలో పెట్టుకున్నవాడు జవాబు చెప్పాలనే సూత్రం దాన్నుంచి పెరిగింది. తర్వాత పెరళ్ళలో పూల్స్ వచ్చినప్పుడు ఆ సూత్రం వాటికీ అక్కరకొచ్చింది. డాలస్‌లోనో అట్లాంటాలోనో పూల్ ఉన్న ఇల్లు కొనే తెలుగువాడికి ఇన్సూరెన్సువాళ్ళు మొదట అడిగేది కంచె గురించే. ఆ కంచె మొదట పుట్టింది పక్కింటి పిల్లాడు కేసు వేస్తాడన్న భయంలోంచి.

ఇప్పుడు మన 133వ సెక్షన్‌ని మళ్ళీ చదవండి. దారి పక్కన, జనం తిరిగే చోటు పక్కన, జనానికి ప్రమాదం లేకుండా. ఆ చట్టం రోడ్డు మీద నిలబడి బావిని చూస్తుంది. అది పబ్లిక్ న్యూసెన్స్ చట్టం, సొంత బిడ్డ పబ్లిక్ కాదు. ఇంటి వెనక తలుపు దగ్గర నిలబడి నీళ్ళని చూసే చూపు దానికి లేదు.

బావి గోడ

నాయుడుపేట స్వర్ణముఖి ఒడ్డున ఉంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. స్వర్ణముఖి ఏడాదిలో చాలా రోజులు ఇసకే. అందుకని మా వైపు బతుకంతా చెరువుల మీదా బావుల మీదా నడిచింది.

బావులు రెండు రకాలు. పెరట్లోనో వీధి మధ్యనో ఉండే మంచినీళ్ళ బావికి చుట్టూ గోడ, పైన గిలక ఉంటాయి. పొలంలో ఉండే కపిల బావికి గోడ కుదరదు. ఎద్దులు వాలులో దిగుతూ తోలుతిత్తిని పైకి లాగాలి కాబట్టి ఒక వైపు తెరిచే ఉండాలి. కొన్నిటికి దిగడానికి మెట్లుంటాయి. మోటార్లొచ్చి కపిలలు పోయాక కూడా ఆ బావులు అట్లాగే నోళ్ళు తెరుచుకుని మిగిలాయి. మా ముందు తరం మగపిల్లలు నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చింది వాటిల్లోనే. ముందు నుయ్యి వెనక గొయ్యి అనే మాట ఊరికే పుట్టలేదు, రాత్రిపూట పొలం గట్ల మీద నడిచిన మనుషుల భాష అది.

మంచినీళ్ళ బావి గోడ పిల్లల కోసం కట్టిందా? కొంత ఉండొచ్చు. ముఖ్యంగా అది వాననీరు లోపలికి పారకుండా, నీళ్ళు తోడేవాళ్ళు ఆనుకుని నిలబడేందుకు కట్టింది. ఈ దేశంలో బావులకి వేసిన అసలైన గట్టి కంచె ఇంకొకటుంది, అది కులం. ఎవరు గట్టెక్కి నీళ్ళు తోడొచ్చు, ఎవరు దూరంగా కడవ పెట్టుకుని ఎవరో ఒకరు పోస్తారని ఎదురుచూడాలి అన్నదాని మీద తనిఖీ రోజుకి ఇరవైనాలుగు గంటలూ నడిచింది. ఇన్‌స్పెక్టరు జీతం అక్కర్లేదు, ఊరంతా ఇన్‌స్పెక్టర్లే. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో చవదార్ చెరువుకి నడిచి వెళ్ళి నీళ్ళు తాగింది ఆ కంచె మీద తిరుగుబాటుగానే. నీళ్ళ చుట్టూ నియమాలు పాటించడం మనవాళ్ళకి చేతకాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. చేతనవును. ఆ నియమాలు ఎవరిని ఆపడానికి పనిచేశాయన్నదే అడగాల్సిన ప్రశ్న.

నారికురుపు

మంచి పనికి కూడా చేతనయిందనడానికి సాక్ష్యం ఉంది. అది ఒక పురుగు కథ.

నారికురుపు పేరు ఈ తరం విని ఉండదు. ఆ రోగం ఉన్న మనిషి కాలి మీద పొక్కు లేచి, అందులోంచి మూరెడు పొడవైన తెల్లటి దారంలాంటి పురుగు నెమ్మదిగా బయటికొస్తుంది. మంటకి ఓర్చుకోలేక ఆ మనిషి కాలు నీళ్ళలో పెడతాడు. పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలోకి వదులుతుంది. నీళ్ళలోని కంటికి ఆనని చిన్న ప్రాణులు వాటిని తింటాయి, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి ఏడాది తర్వాత మళ్ళీ కురుపు. దీనికి మందు లేదు, టీకా లేదు. ఉన్నదల్లా మనిషి కాలు తాగేనీళ్ళలో పడకుండా చూడటం, నీళ్ళు గుడ్డలో వడకట్టుకోవడం. కాబట్టి దీనికి శత్రువు దిగుడుబావి మెట్లే.

1983-84లో కేంద్రం నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. రోగం ఉన్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా, ఇల్లిల్లూ తిరిగి కేసులు వెతికారు. ఏ బావి నీళ్ళు తాగుతున్నారో రాసుకున్నారు. దిగుడుబావుల మెట్లు మూసి, గోడ కట్టి, చేదబావులుగా మార్చారు. మార్చలేని వాటిలో మందు కలిపారు. మళ్ళీ మళ్ళీ వచ్చి చూశారు. 1996 జులైలో రాజస్థాన్‌లో ఆఖరి కేసు నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి ఆ రోగం లేదని సర్టిఫికెట్ ఇచ్చింది.

రిజిస్టరు, తనిఖీ, లోపం రాయడం, సరిచేయించడం, మళ్ళీ తనిఖీ. క్వీన్స్‌ల్యాండ్ 2010లో పెట్టుకున్న పద్ధతినే మనం అంతకుముందే, కంప్యూటర్లు లేకుండా, కాగితం మీద చేసి పూర్తి చేశాం. బావి గోడ మనకి ఒక ప్రజారోగ్య పరికరంగా పనిచేసింది. అయితే ఆ గోడ నీళ్ళని మనిషి కాలి నుంచి కాపాడటానికి కట్టింది. పిల్లల్ని నీళ్ళ నుంచి కాపాడే గోడగా దాన్ని ఎవరూ లెక్కలో రాయలేదు. బోరు బావులొచ్చి, ఊళ్ళో బావులు ఎండి, చెత్త పోసి పూడ్చేసినప్పుడు గోడలతోపాటు ఆ అనుభవం కూడా పూడిపోయింది.

బోరు, సంపు

బోర్లు వచ్చాక ప్రమాదం ఆకారం మారింది. అడుగు వెడల్పు కూడా లేని గొట్టంలోకి పిల్లలు జారిపోవడం మొదలైంది. 2006 జులైలో కురుక్షేత్ర దగ్గర ఒక అయిదేళ్ళ పిల్లాణ్ణి సైన్యం సొరంగం తవ్వి బయటికి తీయడాన్ని దేశమంతా టీవీలో చూసింది. 2010 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చి, అదే ఏడాది ఆగస్టులో సవరించింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకి రాతపూర్వకంగా తెలపాలి. పని జరిగేటప్పుడు ముళ్ళకంచె వేయాలి. కేసింగ్ చుట్టూ 0.30 మీటర్లు నేల పైకి, 0.30 మీటర్లు కిందికి సిమెంటు దిమ్మె కట్టాలి. గొట్టానికి స్టీలు మూత బిగించాలి. వదిలేసిన బోరుని అడుగునుంచి నేల మట్టం దాకా పూడ్చాలి. చదివితే బ్రిస్బేన్ రూల్స్ చదివినంత స్పష్టంగా ఉంటాయి. 2017 జూన్‌లో చేవెళ్ళ మండలం ఇక్కారెడ్డిగూడలో మూత లేని బోరులో పసిపిల్ల పడి చనిపోయేనాటికి ఆ కాగితానికి ఏడేళ్ళు నిండాయి. బోరు నీళ్ళు పడక నష్టపోయిన రైతు కేసింగ్ పైపు పీకి అమ్ముకుంటే కాస్త డబ్బొస్తుంది, పూడిస్తే ఖర్చే. అక్కడ ఇల్లు అమ్మే తొందరకి ముడిపెట్టినట్టు ఇక్కడ దేనికీ ముడిపెట్టలేదు.

ఇక మన పట్టణాల ఇళ్ళలో అసలైన స్విమ్మింగ్ పూల్ ఏదంటే, సంపు. నాయుడుపేటలోనే కాదు, తిరుపతిలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో కుళాయి నీళ్ళు వేళకి రాని ప్రతి ఇంట్లోనూ పోర్టికో కింద అయిదారడుగుల లోతు నీళ్ళు నిలవ ఉంటాయి. పైన రెండడుగుల చదరపు నోరు. దానికి మూత ఒక రేకో, కడప బండ ముక్కో. కుళాయి వచ్చినప్పుడు ఎంత నిండిందో చూడ్డానికి తీస్తారు, మోటారు వేసేటప్పుడు తీస్తారు. మూత నేలమట్టంగా ఉంటుంది కాబట్టి, తీసినప్పుడు పాకే పిల్లకి అది గచ్చుకీ నీళ్ళకీ మధ్య తేడా లేని చోటు. అంటే మూడు వైపుల కంచె కూడా లేదు. వీధివైపు ప్రహరీగోడ ఏడడుగులు లేపి, పైన గాజుపెంకులు గుచ్చుతాం, దొంగ రాకుండా. పిల్ల ఆ గోడకి ఇవతలే ఉంటుంది.

ఇల్లు కట్టేటప్పుడు ఇంకా ఘోరం. మన దగ్గర పునాదుల పని మొదలయ్యేసరికే సంపు కట్టేస్తారు, గోడలు తడపడానికి నీళ్ళు కావాలి కదా. ఇల్లు పూర్తయ్యేదాకా నెలల తరబడి దానికి సరైన మూత ఉండదు. ఆ నెలలన్నీ ఆ స్థలంలోనే ఒక రేకుల షెడ్డులో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. తల్లి ఇటుకలు మోస్తుంటే రెండేళ్ళ పిల్ల అక్కడే తిరుగుతుంది. చట్టం లెక్కలో ఆ పిల్ల దారినపోయే జనంలో లేదు, యజమాని కుటుంబంలోనూ లేదు. నాలుగో వైపు అనేది నాకు పూర్తిగా అర్థమైంది ఆ షెడ్డు గురించి ఆలోచించినప్పుడే. చెన్నై రోడ్డు పొడుగునా లేఅవుట్ల బ్రోషర్లలో ఇప్పుడు క్లబ్‌హౌస్, పక్కన నీలం రంగు పూల్ కనపడుతున్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ కూడా కనపడతాడు, బయటికి చూస్తూ.

కంచె ప్రతిసారీ ఇనుముతోనే వేయనక్కర్లేదు కూడా. బంగ్లాదేశ్ పల్లెల్లో ప్రతి ఇంటి పక్కనా గుంట ఉంటుంది, అన్నిటికీ కంచె వేయడం ఎవరి తరమూ కాదు. అక్కడ పిల్లలు మునిగేది ఎక్కువగా తల్లులు పనిలో ఉండే పొద్దుటి వేళ అని గమనించి, అయిదేళ్ళ లోపు పిల్లల్ని ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా ఒకచోట చేర్చి చూసుకునే కేంద్రాలు పెట్టారు. వాటిని ఆంచల్ అంటారు, అంటే కొంగు. 2021 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి నీట మునిగే మరణాల మీద మొదటిసారి తీర్మానం చేసినప్పుడు దాన్ని ముందుకు తెచ్చిన రెండు దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి, రెండోది ఐర్లాండ్. మనకి ప్రతి ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది. కట్టుబడి పని జరిగే చోటికి మాత్రం అది రాదు.

డబ్బుల్లేవు, మనుషుల్లేరు అనే మాట వస్తుందని తెలుసు. ఆ మాటని ఇదే 133వ సెక్షన్ కింద 1980లో రత్లాం మునిసిపాలిటీ సుప్రీంకోర్టులో చెప్పింది, మురుగుకాలవలు కట్టడానికి నిధుల్లేవని. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. పాత సెక్షన్‌లో అంత బలం ఉందని ఆ తీర్పు చూపించింది. సంపు మూతకి అంత పెద్ద కోర్టు కూడా అక్కర్లేదు. ఇంటి ప్లాన్ శాంక్షన్‌కి ఇంకుడుగుంత చూపించమంటున్నాం, సంపుకి తాళం పడే కీలు మూత కూడా చూపించమనొచ్చు. ఇల్లు రిజిస్ట్రేషన్‌కి ఈసీ తెచ్చినట్టే మూత ఫొటో కూడా తెమ్మనొచ్చు.

తనిఖీ చేసే మనిషి కావాలంటారా, ఆమె ఇప్పటికే మన ఇంటికి వస్తోంది. డెంగీ రోజుల్లో శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు వీధుల్లో తిరుగుతారు. గేటు తట్టి, సంపు మూత తీయించి, టార్చి వేసి లోపలికి చూస్తారు. దోమ లార్వా కనపడితే రాసుకుంటారు. ఆ మూత పిల్ల లాగితే వస్తుందా రాదా అన్నది కూడా ఆమెకి అప్పుడే తెలుస్తుంది. అది రాసుకోవడానికి ఆమె కాగితంలో ఇంకొక గడి గీస్తే చాలు.